ఎముకలు లేని పళ్లెం

ఇరవై రెండేళ్లపాటు నేను మనుషులు తినగా మిగిలినదాన్ని తూకం వేశాను. చెబితే నవ్వుతారు గానీ, నా ఉద్యోగంలో సగం అదే.

నెల్లూరు నుంచి హైవే మీద వెంకటాచలం దాటాక సముద్రం వైపు తిరిగే రోడ్డులో చిన్న కాన్పుల ఆసుపత్రి ఒకటి ఉంది. అక్కడి వంటశాలకు, సామాన్ల గదికి నేను గుమాస్తాను. ఏ వార్డుకు ఏం వండాలో, ఎంత వండాలో, అందులో ఏముందో లెక్క కట్టడం నా పని. పోయిన ఏడాది యాభై మూడో ఏట మోకాళ్లు సహకరించక మానేశాను. ఇప్పుడు ఇలాంటి ఉద్యోగాలకు ఆ చదువే చదువుకున్న పిల్లలు వస్తున్నారు. నేను ఇంటర్ తప్పినవాణ్ణి. అప్పుడున్న పెద్ద డాక్టరు గారు ఆహారపు విలువల పట్టికలున్న పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టి, "చదువుకో, అర్థం కాకపోతే అడుగు" అన్నారు. అడగడానికి సిగ్గుపడి నాకు నేనే నేర్చుకున్నాను. రెండేళ్లకు కందిపప్పు, కోడిగుడ్డు, మునగాకు, ఏది అడిగినా వంద గ్రాములకు ఎంతో చూడకుండా చెప్పేవాణ్ణి. ఆ గర్వం గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే నాకు లెక్క తెలియక జరిగిన తప్పు కాదిది. కొత్తగా పనిలో చేరే మీలాంటి వాళ్లు చదువుతారని, ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పనిది రాస్తున్నాను.

మా దగ్గర ఎనిమిది మంచాల వార్డు ఒకటి ఉండేది. ఒంట్లో రక్తం తక్కువగా ఉన్న గర్భిణులను చివరి ఐదారు వారాలు అక్కడే ఉంచి, మంచి తిండి పెట్టి, ఐరన్ మాత్రలు మింగించి, కాన్పు నాటికి కాస్త గట్టిపరచాలని దాని ఉద్దేశం. వాకాడు దాకా పల్లెల నుంచి వచ్చేవాళ్లు. బుధవారం, శనివారం మాంసం. తినేవాళ్లకు గొడ్డుమాంసం, తిననివాళ్లకు రెండేసి గుడ్లు, ఆకుకూర పప్పు. మా దగ్గర గొడ్డుమాంసమంటే దున్నపోతు మాంసమే. నెల్లూరు కబేళా దగ్గర రసీదు తీసుకుని, పొద్దున్నే నేనే ఆటోలో తెచ్చేవాణ్ణి. ముక్కలుగా వండితే నమలలేరని వంటక్క దాన్ని కైమా కొట్టి గోంగూరలో ఉడికించేది. ఆ వాసనకు వార్డు మొత్తం పదకొండింటికే మంచాలు దిగి కూర్చునేది.

భోజనాలయ్యాక పళ్లేలు నా దగ్గరికి వచ్చేవి. నా దగ్గర ఒక చీటీ ఉండేది. దాంట్లో రెండు గళ్లు: పెట్టింది ఎంత, మిగిలింది ఎంత. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే ఆమె తిన్నది. డాక్టరమ్మ రోజూ ఆ చీటీ చూసేది. పెద్ద డాక్టరు గారి తర్వాత వచ్చినామె. మాట తక్కువ, చూపు ఎక్కువ. నా చీటీని ఆమె ఎంత నమ్మేదంటే, రోగిని "అన్నం తిన్నావా" అని అడిగేది కాదు, చీటీ తిరగేసేది.

ఒక బుధవారం పొద్దున ఏడింటప్పుడు, హైవే మీద మలుపుకు కాస్త ఇవతల, రెండు మోటారు సైకిళ్లు మా ఆటోకు అడ్డం వచ్చి ఆగాయి. నలుగురు. అందులో ఎవరినీ నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

"ఏముండాది ఆ సంచిలో?"

"మాంసం," అన్నాను.

"ఏం మాంసం?"

నేను సంచి మూతి బిగించి పట్టుకున్నాను. ఆటో నడిపేవాడు పదేళ్లుగా నన్ను తిప్పుతున్న మనిషి. వాడే తల బయట పెట్టి, "ఆసుపత్రికన్నా. కడుపుతో ఉండే ఆడోళ్లకి వండేదానికి," అన్నాడు.

"నిన్నడిగినామా?"

వాడు తల లోపలికి తీసుకున్నాడు. నేను జేబులోంచి రసీదు తీశాను. చేతిలో ఆ కాగితం ఎంత అదిరిందంటే, వాళ్లలో ఒకతను నా మణికట్టు పట్టుకుని దాన్ని నిలకడగా ఉంచి చదివాడు. చదివినంత సేపూ చెయ్యి వదల్లేదు. ఇంకొకతను సంచి మూతి విప్పి ఫోటో తీశాడు. ఆటో నంబరు ఫోటో తీశాడు. తర్వాత ఫోను నా ముఖానికి ఎదురుగా పెట్టి, "ఇట్టా చూడు" అన్నాడు. చూశాను. అప్పుడు నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. ఆ ఫోటో ఎక్కడుందో కూడా తెలియదు.

"సరే పో," అన్నాడు రసీదు చదివినతను. "మళ్లా కనపడతావులే."

కొట్టలేదు, తిట్టలేదు. రసీదు తిరిగి ఇచ్చారు. ఎవరికైనా చెబితే "ఇంతేనా" అంటారు. కానీ ఆ "మళ్లా కనపడతావులే" నాతోపాటు ఆటో ఎక్కింది. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఆదివారం ఆరాధన అయ్యాక వండుకున్న కూర అది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడానికి నాకు భయం వేస్తుందని ఎన్నడూ అనుకోలేదు. తర్వాత మూడు వారాలు పొద్దున లేవగానే ఫోను తీసి, నాకున్న వాట్సాప్ గ్రూపులన్నిటిలో నా ముఖం కోసం వెతికేవాణ్ణి. నా భార్య అడిగితే వాన కబుర్లు చూస్తున్నానని చెప్పేవాణ్ణి. మంగళవారం, శుక్రవారం రాత్రులు నిద్ర పట్టేది కాదు.

ఆటోవాడు ఊరుకోలేదు. మేనేజరు గారి చెవిన వేశాడు. ఆయన నన్ను పిలిచారు. మంచి మనిషి, గొడవలంటే గిట్టదు.

"ఏమయ్యా, ఇంత జరిగితే నాకు చెప్పవా?"

"ఏం జరగలేదు సార్."

"జరిగేదాకా ఎందుకు? కోడి పెడదాం. మలుపు దగ్గరే అంగడి ఉండాది, ఫోను చేస్తే వాడే తెచ్చి ఇస్తాడు. వార్డులో అందరూ ఒకే కూర తింటారు, ఒకరు ఇటు ఒకరు అటు కూర్చోవాల్సిన పని లేదు. ఏమంటావు?"

ఏమంటాను? ఆ మాట వినగానే నా భుజాల మీద నుంచి బస్తా దిగినట్టయింది.

"కాకపోతే ఒకటి," అన్నారాయన. "డాక్టరమ్మ ఒప్పుకోవాల. రెండింట్లో ఏముందో పక్కపక్కన రాసి ఒక కాగితం ఇయ్యి. సమానమేనా కాదా అనేది నువ్వే చెప్పాల. నువ్వు చెప్తే ఆమె కాదనదు."

ఆ మధ్యాహ్నం సామాన్ల గదిలో కూర్చుని కాగితం మధ్యకు గీత గీశాను. ఎడమ వైపు గొడ్డుమాంసం, కుడి వైపు కోడి; అడ్డంగా ఒక్కో విలువకు ఒక్కో గీత. మాంసకృత్తులు: రెండింటిలోనూ వందకు ఇరవై గ్రాములు దాటి ఉన్నాయి. సమానమే. కొవ్వు: తోలు తీసిన కోడిలో తక్కువ. అక్కడ కోడే మేలు. శక్తి: కొవ్వును బట్టి కొద్దిగా తేడా, లెక్కలోకి రాదు. నాలుగో గీతలో ఇనుము రాశాను, ఆ మాత్రల్లో ఉండే ఐరనే, రక్తం పట్టించేది. గొడ్డుమాంసంలో వంద గ్రాములకు రెండున్నర మిల్లీగ్రాముల దాకా. కోడిలో ఒకటి కూడా సరిగా లేదు. అదీ ఎముక తీసేసిన మాంసానికి. మేము కొనబోయేది ఎముకతో. కిలో కోడిలో మూడో వంతుదాకా ఎముకే పోతుంది. అంటే నాలుగో గీతలో ఆ రెండింటికీ పోలికే లేదు.

ఎనిమిది మంచాల మీద ఉన్నది రక్తం తక్కువైన ఆడవాళ్లు. ఆ కాగితంలో అసలు చూడాల్సిన గీత అదొక్కటే. ఈ సంగతి ఆసుపత్రిలో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఒక్క డాక్టరమ్మే.

నేను ఆ కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టి, ఇంకో కాగితం తీసుకున్నాను. మూడు గీతలు రాశాను. కింద "ఇంచుమించు సమానం" అని రాసి సంతకం పెట్టాను. ఇనుము మాత్రల్లో వస్తుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. రాసిన మూడు గీతల్లో ఒక్క అంకె కూడా తప్పు కాదు. దాన్నే పట్టుకుని చాలా రోజులు ధైర్యంగా ఉన్నాను.

డాక్టరమ్మ కాగితం కింద నా సంతకం చూసి, "సరే" అంది. అంతే. నేను హైవే ఎక్కడం మానేశాను.

కోడికూర అందరికీ నచ్చింది. వంటక్క కొబ్బరి నూరి వేసేది. "గొడ్డు లేకపోతే నా చేతికి కైమా కత్తి పని తప్పింది, నీ పుణ్యమా అని," అని నన్ను మెచ్చుకుంది. నాకు నిద్ర పట్టసాగింది.

అక్టోబరు వానలు మొదలైన వారంలో వాకాడు వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. ఇరవై ఆరేళ్లు, మూడో కాన్పు. భర్త రొయ్యల గుంటల దగ్గర కాపలా పనిలో ఉంటాడు. ఆమె నాట్లకు, కలుపుకు పోయే మనిషి. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, అత్త. రక్తం పరీక్షలో ఏడు గ్రాములు. పది దాటించాలని డాక్టరమ్మ లక్ష్యం పెట్టింది. ఐదు వారాల సమయం ఉంది. మూడో మంచం ఇచ్చారు.

మనిషి నవ్వు ముఖం. వార్డులో అందరికీ జడలు వేసేది. మాత్రలు మాత్రం కడుపులో నిలిచేవి కావు. మింగిన అరగంటకు వాంతి. మాత్ర మార్చారు, అన్నం తిన్నాక ఇచ్చారు, అదీ అంతే. డాక్టరమ్మ నన్ను పిలిచి, "ఈమెకు మందు ఎక్కడం లేదు, తిండి మీదే ఆధారం. చీటీ జాగ్రత్తగా రాయి" అని చెప్పింది.

రాశాను. బుధవారం కోడికూర నూరు గ్రాములు. మిగిలింది: లేదు. శనివారం నూరు గ్రాములు. మిగిలింది: లేదు. ఇంత బాగా తినే మనిషి వార్డులో ఇంకొకరు లేరు.

రెండో వారం బుధవారం పళ్లేలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కో పళ్లెంలో ఎముకలు పక్కకు నెట్టి ఉన్నాయి. మూడో మంచం పళ్లెం మాత్రం కడిగినట్టుంది. చీటీలో "లేదు" అని రాయబోయి చెయ్యి ఆగింది.

కైమాకు ఎముక ఉండదు. తిన్నవాళ్ల పళ్లెం ఖాళీగా వస్తుంది. నా చీటీ కైమా కోసం గీసుకున్నది. కోడి వచ్చాక కూడా ఎముకలను మిగిలిన దానిలో వెయ్యకూడదని పక్కన పారేసి, మిగతాది చూసి రాస్తున్నాను. కోడి తిన్న పళ్లెం ఖాళీగా రాదు. ఎముక రావాలి. ఎముక కూడా రాలేదంటే ఆ ముక్క వార్డులో ఎవరూ తినలేదు.

పళ్లెం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. 

మూడో మంచం దగ్గరికి వెళ్లాను. "కూర ఎట్టుండిందమ్మా ఈ పూట?"

"వెన్న మాదిరి కరిగిపోయింది అన్నా."

"ఎముకలు కూడానా?"

ఆమె నవ్వబోయి ఆపేసింది. పక్క మంచం వైపు చూసి, గొంతు తగ్గించింది. "అన్నా, చెప్పొద్దన్నా. మా అత్త ఈ పొద్దు వచ్చుండాది. పిల్లలకి పంపించినాను. నేనీడ రెండు పూటలా తింటా ఉండా, వాళ్లు ఆడ గంజీ పచ్చడీ తింటా ఉండారు. ముక్క నోట్లో పెట్టుకుంటే దిగలా."

"నీకని పెట్టింది కదమ్మా. నీ రక్తం..."

"డాక్టరమ్మకి తెలిస్తే తిడతాది, మా అత్తను లోనికి రానీదు. ఇంటికి పంపించేస్తాది. నీకు దండం పెడతానన్నా."

నిజంగానే చేతులు జోడించింది. "సరేలే" అన్నాను.

ఇక్కడ మీరు నన్ను జాలిగుండె మనిషి అనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకుంది. ఆమె రహస్యం నేను దాచిన మాట నిజం. కానీ ఆ నిమిషంలో నా తలలో తిరిగింది ఆమె పిల్లలు కాదు. ఈ సంగతి చెబితే డాక్టరమ్మ మాంసం మాటెత్తుతుంది. దాచుకోవడానికి వీలు లేని కైమాయే మేలంటుంది. పాత కాగితం తెమ్మంటుంది. నాలుగో గీత ఏదని అడుగుతుంది. మళ్లీ బుధవారం పొద్దున ఏడింటికి నేను ఆ మలుపు దగ్గర ఆటోలో ఉంటాను. ఇదంతా మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా నడిచేలోపలే లెక్కైపోయింది. అంత వేగంగా నేను ఏ లెక్కా చెయ్యలేదు.

చీటీలో రాశాను. మిగిలింది: లేదు.

ఆమె వచ్చిన మూడు వారాలకు పరీక్ష చేస్తే ఏడూ పాయింటు ఒకటి. డాక్టరమ్మ చీటీలన్నీ ముందేసుకుని నన్ను పిలిచింది.

"ఇంత తింటే ఇంతే పెరగడమేమిటి? నిజంగా తింటోందా?"

"పళ్లెం ఖాళీగానే వస్తోందమ్మా," అన్నాను.

అందులోనూ అబద్ధం లేదు. ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. నేను చీటీలను చూశాను. "సరే, ఇంకో వారం చూద్దాం," అంది. ఆ వారమంతా నేను రోజూ వార్డు గుమ్మం దగ్గరికి వెళ్లి, మూడో మంచం ఆమె కాళ్ల వాపు చూసి తిరిగి వచ్చేవాణ్ణి. గోళ్లు తెల్లగా కనబడేవి. నేను కనబడితే ఆమె, మన ఇద్దరికే తెలుసులే అన్నట్టు నవ్వేది. ఆ నవ్వు చూడలేక రెండు రోజులు అటు వెళ్లలేదు.

మంగళవారం పొద్దున పది గంటలకు, రోజులు నిండకుండానే నొప్పులు వచ్చాయి. బయట వాయుగుండం వాన. పదకొండున్నరకు ఆడపిల్ల పుట్టింది, చిన్న పిల్ల, కానీ ఏడ్చింది. ఆ ఏడుపు విని వంటక్క "దేవునికి స్తోత్రం" అంది. పది నిమిషాలకు లోపలి నుంచి నర్సమ్మ గుడ్డల కోసం పరుగెత్తుతూ వచ్చింది. ఆమె చేతుల వైపు చూసి వంటక్క నోరు మూసుకుంది.

మా దగ్గర రక్తం నిల్వ ఉండదు. నెల్లూరు తీసుకెళ్లాలి. అంబులెన్సులో డాక్టరమ్మ, పసిపిల్లను గుడ్డలో చుట్టుకుని నర్సమ్మ ఎక్కారు. "రక్తం కాగితాల పని చూడ్డానికి ఇంకో మనిషి కావాలి," అంటూ డాక్టరమ్మ నా వైపు వేలు చూపించింది. నేను ముందు సీట్లో ఎక్కాను. మూడో మంచం ఆమె అత్త అప్పుడే బస్సు దిగి గేటులోకి వస్తోంది. ఆమెనూ లాగి నా పక్కన కూర్చోబెట్టారు.

ఆ ప్రయాణం ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. అంకెలతో బతికిన మనిషిని, ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. చప్టాల మీద నీళ్లు పారుతున్నాయి. డ్రైవరు ప్రతి చప్టా దగ్గర ఆగి, చూసి, దిగుతున్నాడు. వెనక నుంచి డాక్టరమ్మ గొంతు వినబడుతోంది. "కళ్లు తెరువు. ఇటు చూడు. పిల్లల పేర్లు చెప్పు." జవాబు మొదట్లో వినబడింది. హైవే ఎక్కాక వినబడలేదు. నేను తల వెనక్కి తిప్పలేదు. తిప్పితే ఏం చూడాల్సి వస్తుందోనని, ఎదురుగా అద్దం తుడిచే పుల్లనే చూస్తూ కూర్చున్నాను.

నెల్లూరులో పెద్ద ఆసుపత్రి వాళ్లు ఆమెను లోపలికి తీసుకుపోయారు. నేను కాగితాల మీద సంతకాలు పెట్టి, రక్తం సీసాలు తెచ్చి ఇచ్చి, వరండాలో బల్ల మీద అత్త పక్కన కూర్చున్నాను. ముసలామె చీర తడిసి ముద్దయింది. ఒళ్లో మూత బిగించిన ఖాళీ స్టీలు డబ్బా ఉంది.

చాలాసేపటికి ఆమె అంది, "అయ్యా, నువ్వు మంచోడివని మా కోడలు చెప్పుండాది. నీకు చెప్తా. ఆమెకు పెట్టిన కూర నేనే ఎత్తుకుపోయినాను."

నేను ఆ డబ్బా వైపు చూశాను.

"వద్దే, నువ్వు తిను అన్నా. వినలా. పిల్లలు కూడా డబ్బా చూస్తే ఎగిరేవాళ్లు. నాకూ ఒక ముక్క పెట్టినారు. తిన్నాను. నా కోడలి రక్తం నేను తిన్నానయ్యా." డబ్బాను కడుపుకు అదుముకుంది. "డాక్టరమ్మకి చెప్పబాక. చెప్పినా చెప్పు. ఇప్పుడింకేముండాది."

నేను నోరు తెరవాల్సింది అప్పుడు. నీ తప్పు కాదమ్మా, నాకు మూడు వారాలుగా తెలుసు, చెప్పాల్సిన ఉద్యోగం నాది అనాల్సింది. లోపల ఆ మనిషి ఉంటుందో పోతుందో తెలియదు. పోతే, ఆ మాట అన్నవాడిగా నేను మిగిలిపోతాను. ఆ భయంతోనే, ముసలామె ఏడుస్తుంటే పక్కనే కూర్చుని వరండా గచ్చు పలకలు లెక్కపెట్టాను. అడ్డం పద్నాలుగు, నిలువు ముప్ఫై ఒకటి. ఇప్పటికీ గుర్తుంది.

సాయంత్రం నాలుగున్నరకు డాక్టరమ్మ బయటికి వచ్చి గోడకు ఆనుకుంది. "రక్తం ఆగింది. మూడో సీసా ఎక్కుతోంది. రేపటిదాకా చెప్పలేను," అంది. మరుసటి రోజూ అదే మాట. గురువారం ఉదయం, "బతికింది," అంది.

ఆ మధ్యాహ్నమే మా ఆసుపత్రిలో డాక్టరమ్మ గదికి వెళ్లాను. నిలబడే చెప్పాను. ఎముకలు లేని పళ్లెం, స్టీలు డబ్బా, "సరేలే" అన్న మాట, చీటీలో రాసిన "లేదు". ఆమె కలం కింద పెట్టింది.

"ఎన్ని రోజులుగా తెలుసు?"

"మూడు వారాలు."

"చెప్పి ఉంటే సూదిమందుగా ఐరన్ ఎక్కించేదాన్ని. తిండైనా ఒంటబడుతోంది కదా అని ఆగాను. నీ చీటీ చూసి ఆగాను." చీటీల కట్ట పక్కకు జరిపి, "ఇంకేమైనా ఉందా?" అంది.

"ఉందమ్మా." పుస్తకంలోంచి నాలుగు గీతల కాగితం తీసి బల్ల మీద పెట్టాను. హైవే సంగతి కూడా చెప్పాను. ఫోటో సంగతి, మణికట్టు సంగతి. 

ఆమె నాలుగో గీత మీద వేలు పెట్టింది. "ఈ నాలుగో గీత ఉన్నంత మాత్రాన ఆమెకు పది వచ్చేది కాదు. వారానికి రెండు వందల గ్రాముల మాంసంతో అంత రక్తం రాదు. కైమా పెట్టినా మంగళవారం ఇలాగే జరిగేదేమో, జరిగేది కాదేమో. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తప్పు లేదని నా చేత అనిపించుకోవాలని వచ్చావా?"

"లేదమ్మా."

"అనను. అంతా నీ తప్పే అని కూడా అనలేను. కూర డబ్బాలోకి పోతుంటే నేనూ కళ్లతో చూడలేదు, చీటీ చూశాను. భయం వేస్తే భయం వేసిందని వచ్చి చెప్పు. దాన్ని అంకెల్లో కలిపి నాకు ఇవ్వొద్దు."

ఇప్పుడు పనిలో ఉన్నవాళ్లకు, ఆ తర్వాత ఏం మార్చామో చెప్పడం అవసరం. చీటీలో మూడో గడి గీశాను: ఎముకల బరువు. చూడటానికి వచ్చే పిల్లలకు వంటశాలలోనే పళ్లెం వేసి పెట్టమని డాక్టరమ్మ చెప్పింది, దాంతో డబ్బాలు తగ్గాయి. అందరూ ఒకే కూర తినడం మంచిదే కాబట్టి బుధవారం కోడి అలాగే ఉంచాం. శనివారం తినేవాళ్లకు మళ్లీ గోంగూర కైమా. మాంసం తేవడానికి వేరే మనిషిని పెడతానని మేనేజరు గారు అన్నారు. ఆ వేరే మనిషి ముఖం ఫోటోలో ఎలా పడుతుందో ఆలోచించి, నేనే పోతానన్నాను.

శుక్రవారం నెల్లూరు వెళ్లి అత్తను కలిశాను. కోడలు కూర్చోగలుగుతోంది, గంజి తాగుతోంది. పసిపిల్ల కూడా బాగానే ఉంది. ముసలామెను పక్కకు పిలిచి చెప్పాను. "ఆ రోజు నువ్వు ఏడిస్తే నేను మాట్లాడలేదు. పిల్లలు తిన్నందువల్ల కాదమ్మా. నాకు ముందే తెలుసు, చెప్పలేదు. దానికి ముందు ఒక కాగితంలో ఒక గీత రాయకుండా వదిలేశాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కాగితంలో గీత లేకపోతే మనిషికి రక్తం పోతుందా అయ్యా?" అంది. "పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేవు. పో, పొయ్యి టీ తాగు."

నన్ను క్షమించిందో, అర్థం కాలేదో, అర్థమయ్యే ఆ మాట అందో తెలియదు. టీ తాగాను.

శనివారం పొద్దున ఆరున్నరకు కబేళా దగ్గర పిల్లలకూ కలిపి కిలోన్నర తూయించి, రసీదు జేబులో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఆటోవాడు బండి స్టార్టు చెయ్యకుండా వెనక్కి తిరిగాడు.

"అన్నా, వాళ్లు మళ్లా అడ్డం నిలబడితే?"

"నిలబడితే రసీదు చూపిస్తా."

"చింపేస్తేనో?"

"తెలీదురా."

"నాకు మాత్రం భయంగా ఉండాదన్నా."

"నాకూ ఉండాది. పోనీయ్ బండి."

వాడు బండి తీశాడు. సంచి ఒళ్లో బరువుగా, చల్లగా ఉంది. హైవే ఎక్కాం. మలుపు దూరం నుంచే కనబడింది. అక్కడ రోడ్డు పక్కన రెండు మోటారు సైకిళ్లు ఆగి ఉన్నాయి. మనుషులు ఎవరో వానకు తలల మీద కవర్లు కప్పుకుని నిలబడి ఉన్నారు. ఎవరో ఇక్కడి నుంచి తెలియదు. ఆటోవాడు అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను ఆపమనలేదు.